ఇంటి వై-ఫైతో ప్రింటరును కలుపుకొనుట

గ్రామసభ నోటీసును బోర్డునకు అంటింపవలెను. పింఛను కోరు వృద్ధురాలి దరఖాస్తునకు ఆధారు ప్రతిని జతపరుపవలెను. పాఠశాలలో చేరబోవు బాలునికి జనన ధ్రువపత్రము నకలు కావలెను. పంచాయతీ లెక్కలు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా కంప్యూటరులోనికి ఎక్కుచున్నను, గ్రామస్థుని చేతికి అందవలసినది నేటికిని చాలవరకు కాగితమే.

అందుచేతనే పలువురు సర్పంచులును వార్డు సభ్యులును తమ ఇండ్లలో చిన్న ప్రింటరు నొకదానిని ఉంచుకొనుచున్నారు. పిల్లల చదువునకై కొన్న యంత్రము వీధివారి అవసరములను కూడ తీర్చుచున్నది. కాని ఒక చిక్కు కలదు. కావలసిన పత్రము ఫోనులో ఉండును. ప్రింటరు తీగతో ఒక్క కంప్యూటరునకు కట్టుబడి గది మూలన ఉండును. కంప్యూటరు నడుపుట తెలిసిన కుమారుడు ఊరిలో లేనినాడు ఆ యంత్రము ఉన్నను లేనట్లే. ఒక్క పుట కొరకు బస్సు ఛార్జీ పెట్టుకొని మండల కేంద్రమునకు పోవుట తప్పదు. ఇంటిలో వై-ఫై ఉన్నచో ఈ శ్రమ అక్కరలేదు. తీగ లేకుండ ప్రింటరును ఎట్లు కలుపవలెనో, కలిపిన తరువాత అది ఎందుకు మాటిమాటికి మొరాయించునో, కలిపినవారు ఏయే విషయములలో మెలకువతో ఉండవలెనో ఇచ్చట వివరింతుము.

ఇంటిలోని నెట్‌వర్కు వేరు, ఇంటర్నెట్టు వేరు

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగను చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదే నేటి భారత్‌నెట్. దీని ద్వారా కాని, కేబుల్ వారి ద్వారా కాని, ఇతర కంపెనీల ద్వారా కాని ఇంటికి వచ్చిన తీగ ఒక చిన్న పెట్టెలో ముగియును. దీపములు మినుకుమినుకుమను ఆ పెట్టెనే మనము రౌటరు అనుచున్నాము.

రౌటరు రెండు పనులు చేయును. ఇంటిలోని ఫోనులను, కంప్యూటర్లను బయటి ప్రపంచముతో కలుపుట ఒకటి. ఇంటిలోని యంత్రముల నడుమ వార్తలను చేరవేయుట రెండవది. ప్రింటరునకు కావలసినది ఈ రెండవ పని మాత్రమే. రచ్చబండ కడ కూర్చున్న ఇరువురు మాటలాడుకొనుటకు, మండలమునకు పోయిన బస్సు తిరిగి రావలసిన పని లేదు కదా! అట్లే బయటి తీగ తెగి ఇంటర్నెట్టు నిలిచిపోయినను, రౌటరునకు విద్యుత్తు ఉన్నంతవరకు ఫోనులో ఉన్న పత్రమును ముద్రింపవచ్చును. కొన్ని రకముల ప్రింటర్లు మాత్రము ఎల్లప్పుడును ఇంటర్నెట్టు ఉండితీరవలెనను షరతుపై అమ్మబడుచున్నవి. తరచుగా లైను పోవు గ్రామములవారు కొనుటకు ముందే ఈ సంగతి దుకాణదారుని అడిగి తెలుసుకొనుట మంచిది.

ఇందుండి గ్రహింపవలసిన ముఖ్య సూత్రము ఒక్కటే. ముద్రింపగోరిన ఫోను, ముద్రించు ప్రింటరు రెండును ఒకే రౌటరు క్రింద, ఒకే నెట్‌వర్కులో ఉండవలెను. ఫోను మొబైల్ డేటాపై నడుచుచుండగా ప్రింటరు ఇంటి వై-ఫైలో ఉన్నచో, రెండును ఒకే బల్లపై ఉన్నను ఒకదాని ఉనికి మరొకదానికి తెలియదు. మేము చూచిన చిక్కులలో పెక్కు ఈ సూత్రమును మరచుటవలననే వచ్చినవి.

కంటికి కనబడని తరంగములు గోడ దాటుట మనకు క్రొత్త ముచ్చట కాదు. 1890ల దశకముననే జగదీశ చంద్ర బోసు కలకత్తాలో అట్టి తరంగములను పంపి దూరముననున్న గంటను మ్రోగించెను. వై-ఫైకి ప్రమాణములు తొలిసారి 1997లో ఏర్పడినవి. నేటి ఇంటి రౌటర్లు చాలవరకు రెండు విధములైన తరంగములను వాడుచున్నవి: 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్. మొదటిది కొంత నెమ్మదియైనను గోడలను బాగుగా దాటి దూరము పోవును. రెండవది వేగము కలది, కాని గోడ అడ్డమైన త్వరగా బలహీనపడును. తక్కువ వెల ప్రింటర్లలో అనేకము మొదటిదానిని మాత్రమే గుర్తింపగలవు. రౌటరు రెండు పేర్లతో వై-ఫైని ఇచ్చుచున్నచో, పేరు చివర 5జి అని ఉన్నది ప్రింటరు తెరపై కనబడకపోవుటకు కారణమిదే. అది యంత్రములోని లోపము కాదు. 2.4 పేరును ఎన్నుకొనవలెను. ఒకసారి కలిసిన పిమ్మట ప్రింటరు ఒకదానిలో, ఫోను రెండవదానిలో ఉన్నను సాధారణముగా బాధ లేదు. రెండును ఆ రౌటరు ఇంటివే కదా.

ప్రింటరు నుంచు చోటును గూర్చి కూడ ఒక మాట. మన ఇండ్లలో బీరువా ప్రక్కన ఖాళీ ఉన్నచో అచ్చటనే యంత్రమును ఇరికించుట అలవాటు. ఇనుప బీరువా, రేకుల గోడ, నీటి తొట్టి తరంగములను అడ్డగించును. మందమైన రాతి గోడలు, కాంక్రీటు శ్లాబు కూడ వానిని తగ్గించును. రౌటరు ఉన్న గదిలోనో, ప్రక్క గదిలోనో, నడుమ ఇనుము లేనిచోట ప్రింటరు నుంచిన సగము తగవు తీరును.

కలుపు విధానము

పనికి పూనుకొనుటకు ముందు వై-ఫై పేరును, పాస్‌వర్డును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఎవరును మార్చి ఉండనిచో రౌటరు అడుగున అంటించిన చీటీపై అవి ఉండును. ఇంగ్లీషు పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు వేరువేరుగా లెక్కకు వచ్చును. సున్నకు, ఓ అక్షరమునకు భేదము చూచుకొనవలెను.

ప్రింటరుపై చిన్న తెర ఉన్నచో పని సులభము. సెట్టింగ్స్‌లో నెట్‌వర్కు అనుదానిని, అందులో వైర్‌లెస్ సెటప్ అనుదానిని తెరచిన చుట్టుప్రక్కల వై-ఫైల పేర్లు కనబడును. మన ఇంటి పేరును ఎన్నుకొని పాస్‌వర్డును నింపవలెను. వై-ఫై దీపము మినుకుట మాని నిలకడగా వెలిగిన కలిసినట్లే. తెర కలిగిన యంత్రమునకు మేము ఈ విధానమునే మొదట సూచింతుము. ఇందులో ఫోనుతో పని లేదు, మూడవవారి యాప్‌తోను పని లేదు.

తెర లేని యంత్రములకు రెండు మార్గములు కలవు. మొదటిది మీట నొక్కుట. రౌటరుపై డబ్ల్యు.పి.ఎస్. అను మీట ఉన్నచో దానిని నొక్కి, రెండు నిమిషములలోపల ప్రింటరుపై వై-ఫై మీటను నొక్కిపట్టవలెను. రెండును తమంతట తాము పరిచయము చేసికొనును, పాస్‌వర్డు అడుగదు. ఎంతసేపు నొక్కిపట్టవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకములో ఉండును. ఈ మీట కొన్ని క్రొత్త రౌటర్లలో లేదు. ఇదే ఏర్పాటులో పిన్ సంఖ్యతో కలుపు మరొక పద్ధతి ఉన్నది. దానిని దొంగచాటుగా ఛేదింపవచ్చునని 2011లో వెల్లడియైనది. కనుక రౌటరు సెట్టింగులలో పిన్ పద్ధతిని ఆపివేయించుట మేలు.

రెండవ మార్గము కంపెనీవారి యాప్. నేడు ఎక్కువమంది దీనినే వాడుచున్నారు, ఎక్కువమంది ఇందులోనే చిక్కుపడుచున్నారు. కావున కొంచెము విపులముగా చెప్పుదుము. క్రొత్త ప్రింటరు తొలుత తానే ఒక చిన్న తాత్కాలిక వై-ఫైని ఏర్పరచుకొని, ఎవరైన వచ్చి తన్ను ఇంటి నెట్‌వర్కులో చేర్తురేమో అని ఎదురుచూచును. పలు యాప్‌లు చేయు పని యేమనగా, మన ఫోనును కొద్దిసేపు ఆ తాత్కాలిక వై-ఫైలో చేర్చి, ఇంటి వై-ఫై పేరును పాస్‌వర్డును ప్రింటరునకు అప్పగించి, తిరిగి ఇంటి వై-ఫైలోనికి వచ్చుట. మధ్యలో ఫోనునకు అనుమానము కలుగును. "ఈ వై-ఫైలో ఇంటర్నెట్టు లేదు" అని చెప్పి మొబైల్ డేటాలోనికి దూకును. అంతటితో ప్రింటరుతో మాట తెగిపోవును. ఇట్లు జరుగకుండుటకు, పని ముగియువరకు మొబైల్ డేటాను ఆపి, ఫోను అడిగినపుడు ఈ వై-ఫైలోనే ఉండుమని చెప్పవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో లొకేషన్ అనుమతి ఈయనిచో యాప్‌నకు చుట్టుప్రక్కల వై-ఫైలు కనబడక పోవచ్చును. ఫోను 5 గిగాహెర్ట్‌జ్ పేరుతో ఉన్నచో, కలుపు సమయమునకు 2.4 పేరునకు మార్చుకొనుట శ్రేయస్కరము.

ప్రింటరు నెట్‌వర్కులో చేరిన పిమ్మట మిగిలిన పని స్వల్పము. ఐఫోనులలో 2010 నుండి ఎయిర్‌ప్రింట్ అను ఏర్పాటు ఉన్నది; దానికి సరిపడు ప్రింటరైనచో, పత్రము తెరచి ప్రింట్ అనిన అది తానే కనబడును. ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగులలోని ప్రింటింగ్ అను చోట ముద్రణ సేవను ఆన్ చేసిన చాలును. విండోస్ కంప్యూటరులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరచి, యాడ్ డివైస్ అనవలెను. వై-ఫై లేని పాత ప్రింటరును కూడ కంప్యూటరునకు తీగతో కట్టి, ఆ కంప్యూటరు ద్వారా ఇంటిలోని ఇతర కంప్యూటర్లకు పంచవచ్చును. కాని ముద్రించినంతసేపు ఆ కంప్యూటరు నడుచుచుండవలెను.

ఇంత చెప్పిన తరువాత ఒక అభిప్రాయమును దాచనక్కరలేదు. ఒకే కంప్యూటరు, దాని ప్రక్కనే ప్రింటరు, ముద్రించువారు ఒక్కరే అయినచోట తీగయే మేలు. వై-ఫై అనేకులకు ఉపయోగపడు సాధనము. ఒక్కరికైన అది అదనపు బరువు.

కరెంటు పోయి వచ్చిన తరువాత

నిన్నటివరకు చక్కగా పనిచేసిన ప్రింటరు నేడు ఆఫ్‌లైన్ అని చూపుచున్నదనుట గ్రామములలో తరచుగా వినబడు ఫిర్యాదు. యంత్రము చెడినదని మెకానిక్కునకు కబురు పెట్టుటకు ముందు ఈ క్రింది కారణమును విచారింపవలెను.

నెట్‌వర్కులో చేరిన ప్రతి యంత్రమునకు రౌటరు ఒక సంఖ్యను కేటాయించును. 192.168 తో మొదలగు నాలుగు భాగముల సంఖ్య అనేక ఇండ్లలో కనబడును. ఇది ఇంటి తలుపు నంబరు వంటిది. కాని మున్సిపాలిటీవారి నంబరువలె శాశ్వతము కాదు. కరెంటు పోయి రౌటరు తిరిగి మేల్కొనినపుడు, ప్రింటరునకు క్రొత్త నంబరు దొరకవచ్చును. పాత నంబరు మరొకరి ఫోనునకు పోవచ్చును. కంప్యూటరు పాపము పాత ఇంటి తలుపునే తట్టుచుండును. జవాబు రాకపోగా ఆఫ్‌లైన్ అనును.

దీనికి తాత్కాలిక ఉపాయము ప్రింటరును తొలగించి తిరిగి చేర్చుట. శాశ్వత ఉపాయము వేరు. ప్రింటరులోని నెట్‌వర్కు వివరముల పుటను ముద్రించిన, అందులో మ్యాక్ అడ్రస్ అను పండ్రెండు అక్షరముల గుర్తు ఉండును. అది ఆ యంత్రమునకు పుట్టుమచ్చ వంటిది. రౌటరు సెట్టింగులలో ఆ గుర్తునకు ఎల్లప్పుడును ఒకే నంబరు ఈయవలెనని వ్రాయించిన, కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినను తలుపు నంబరు మారదు. కనెక్షను ఇచ్చినవారి మనిషి ఏ పనికైన ఇంటికి వచ్చినపుడు ఈ చిన్న పనిని కూడ చేయించుకొనవచ్చును; పది నిమిషములు పట్టదు.

కరెంటు వచ్చినపుడు రౌటరు పూర్తిగా లేచుటకు రెండు మూడు నిమిషములు పట్టును. ఆ తరువాతనే ప్రింటరును ఆన్ చేయుట మంచి అలవాటు. రౌటరునకు చిన్న యూపీఎస్ పెట్టుకొనిన కోతల బాధ చాలవరకు తగ్గును. కాని లేజరు ప్రింటరును ఆ చిన్న యూపీఎస్‌నకు ఎన్నడును తగిలింపరాదు. పొడి సిరాను కాగితముపై కరగించుటకు అది లోపల వేడిని పుట్టించుకొనును. ఆ క్షణమున లాగుకొను విద్యుత్తును చిన్న యూపీఎస్ ఓర్వలేదు.

మరి రెండు కారణములను క్లుప్తముగా చెప్పుదుము. పెద్ద ఇంటిలో వై-ఫై చివరి గదికి అందుటలేదని రెండవ రౌటరును కొని తగిలించుట కలదు. సరిగా అమర్పనిచో అది తనకు తానుగా వేరొక నెట్‌వర్కును ఏర్పరచును. అనగా ఒకే కప్పు క్రింద వేరు కాపురము. ముందు గదిలోని ప్రింటరు వెనుక గదిలోని ఫోనునకు కనబడదు. అట్టి రౌటరును యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టుమని అమర్చువానికి చెప్పవలెను. ఇక రెండవది: వై-ఫై పాస్‌వర్డును మార్చినపుడు ఫోనులలో మార్చుదురు గాని ప్రింటరులో మార్చుట మరతురు.

తెలుగు అక్షరములు ముక్కలై, అర్థము లేని గుర్తులై ముద్రణమైనచో మాత్రము వై-ఫైని నిందింపరాదు. అను ఫాంట్ల వంటి పాత పద్ధతి అక్షరములతో కూర్చిన నోటీసు, ఆ ఫాంటు లేని ఫోనులో అట్లే కనబడును. యూనికోడ్‌లో టైపు చేయుటయో, కూర్చిన చోటనే పీడీఎఫ్‌గా మార్చి పంపుటయో దానికి మందు.

పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉన్నది?

ప్రజాప్రతినిధి ఇల్లు పదిమంది వచ్చిపోవు చోటు. వచ్చినవారిలో ఎవరో ఒకరు వై-ఫై పాస్‌వర్డును అడుగుదురు. కాదనుట మర్యాద కాదని చెప్పివేయుదురు. వారము తిరుగునప్పటికి అది వీధిలోని పిల్లలందరి ఫోనులలో ఉండును. ఇంటర్నెట్టు నెమ్మదించుటయే దీనివలన కలుగు నష్టమనుకొనుట సరికాదు. ఆ నెట్‌వర్కులోనికి వచ్చిన ప్రతి ఫోనునకు ప్రింటరు కనబడును. బ్రౌజరులో ప్రింటరు తలుపు నంబరును టైపు చేసిన, అనేక యంత్రములలో సెట్టింగుల పుట తెరచుకొనును. స్కానరు కలిగిన కొన్ని యంత్రములలో, అద్దముపై మరచిన కాగితమును ఆ పుటనుండియే స్కాన్ చేసి తీసికొనవచ్చును. ఆ కాగితము ఒక వితంతువు బ్యాంకు పాసుపుస్తకము కావచ్చును, ఒక రైతు ఆధారు కావచ్చును. వారు మనపై నమ్మకముతో ఇచ్చినవి అవి.

కావున మొదటి పని, అతిథులకు వేరు వై-ఫై ఏర్పరచుట. నేటి రౌటర్లలో చాలవానియందు గెస్ట్ నెట్‌వర్కు అను సదుపాయము కలదు. అందులో చేరినవారికి ఇంటర్నెట్టు దొరకును గాని ఇంటిలోని యంత్రములు సాధారణముగా కనబడవు. అడిగినవారికి ఈ పాస్‌వర్డును నిస్సంకోచముగా చెప్పవచ్చును. ప్రింటరును మాత్రము పొరబాటున గెస్ట్ నెట్‌వర్కులో చేర్చకూడదు. చేర్చిన మన ఫోనుకే అది కనబడకపోవును.

రెండవ పని, వై-ఫై రక్షణ డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని అయి ఉండునట్లు చూచుట. ప్రింటరు సెట్టింగుల పుటకు కంపెనీవారు పెట్టిన మొదటి పాస్‌వర్డును మార్చుట మూడవ పని. బయటి ఊరినుండి కూడ ముద్రింపవచ్చునని ఎవరైన రౌటరులో ప్రింటరునకు దారి తెరువబోయిన ఒప్పుకొనరాదు. 2018 నవంబరులో ఒక అపరిచితుడు, అట్లు ఇంటర్నెట్టునకు తెరచియుంచిన ప్రింటర్లను వెదకి పట్టుకొని, ప్రపంచమున వేలకొలది చోట్ల తనకు నచ్చిన ఒక యూట్యూబు వానికి ప్రచారపత్రములను ముద్రించెను. కాగితము, సిరా యజమానులవి. ప్రచారము మాత్రము మరొకరిది.

కాగితము విషయమున కూడ జాగ్రత్త కావలెను. ఆధారు నకలు అడిగినచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధారు చెల్లునేమో ముందు విచారింపవలెను. దానిని ఆధారు సంస్థ వెబ్‌సైటునుండియే దింపుకొనవచ్చును. గ్రామస్థులు వాట్సాప్‌లో పంపిన పత్రములను ముద్రించిన వెంటనే, వారి ఎదుటనే ఫోనునుండి తొలగించుట మంచిది. ఫోనులోని గ్యాలరీలో మరియొక ప్రతి నిలిచియుండును. దానిని కూడ తొలగింపవలెను. వంకరగా వచ్చెనని ప్రక్కన పడవేసిన ఆధారు నకళ్లు పకోడీల పొట్లములై బజారున తిరుగుట మనము ఎరుగనిది కాదు. వానిని చింపి పారవేయవలెను.

ప్రింటరును మరమ్మతునకు ఇచ్చునపుడు గాని, పాతదానిని అమ్మునపుడు గాని, దానిలో మన వై-ఫై పేరును పాస్‌వర్డును ఉండునని గుర్తుంచుకొనవలెను. కొన్ని యంత్రములలో పంపిన స్కానుల చిరునామాలు కూడ ఉండును. సెట్టింగులలో రీసెట్ లేక రిస్టోర్ డిఫాల్ట్స్ అనుదానిని ఎన్నుకొనిన ఇవి తుడిచివేయబడును. మరమ్మతై తిరిగి వచ్చిన యంత్రమును మొదటివలెనే మరల కలుపుకొనవలెను. రౌటరులో మనము వ్రాయించిన తలుపు నంబరు మాత్రము, లోపలి బోర్డును మార్చియుండనిచో, అట్లే దానికొరకు నిలిచియుండును.